జతపనివానికి నేర్పుట

పాఠ్యభాగములు: మార్కు 6:7, అపొ. కార్య. 13:5, 13; 15:36–40; 16:1–3; 2 తిమోతి 4:11



యేసు ప్రభువు తన శిష్యులను గ్రామములకు పంపినప్పుడు ఎవరినీ ఒంటరిగా పంపలేదు, జంటలుగా పంపెను. ఆ జంటలో ముందుగా పనిలోనికి వచ్చినవాడు వెనుక వచ్చినవానికి ఎట్లు నేర్పవలెను? ఇది మన సంఘములన్నిటికి అవసరమైన ప్రశ్న. మొదట నా తప్పిదమును చెప్పుకొని, తరువాత వాక్యములోనికి వెళ్లుదును.

1. నా అనుభవము

కర్ణాటకలో సింధనూరు ప్రాంతమున, తుంగభద్ర కాలువ కింద మన తెలుగువారు స్థిరపడిన క్యాంపులలో సువార్త పనికి నేను చేరినప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు. మూడేండ్లు ఒక్కడినే సైకిలు మీద తిరిగాను. నాలుగవ ఏట ఒక తమ్ముడిని నాకు జతచేశారు. పందొమ్మిదేండ్లవాడు. అక్కడే పుట్టి కన్నడ బడిలో చదివాడు. ఇంట్లో తెలుగు మాట్లాడును గాని, తెలుగు అక్షరములు కూడబలుక్కొని చదివేవాడు. పాటలన్నీ కన్నడ లిపిలో ఒక నోటుబుక్కులో వ్రాసికొని పాడేవాడు.

నేర్పుట అనగా దిద్దుటయే అని నా ఉద్దేశము. ఒక శనివారము అతనికి వాక్యభాగము చూపించి, "రేపు కూటములో నీవే చదవాలి" అన్నాను. ఆదివారము చదువుచు మూడు చోట్ల తడబడ్డాడు. మూడు మారులు ఆపి, అందరి ఎదుట దిద్దాను. నాలుగవ మారు పుస్తకము అతని చేతిలోనుండి తీసికొని నేనే చదివాను. తిరిగి వచ్చునప్పుడు దారి పొడవునా అతడు ఒక్క మాట మాట్లాడలేదు. తెల్లవారేసరికి తన ఊరికి వెళ్లిపోయాడు. నోటుబుక్కు మాత్రము మా గదిలో ఉండిపోయింది. "అతనికి పిలుపు లేదు" అని నేను పెద్దలకు చెప్పాను. ఆ మాట తలచుకొంటే నేటికిని సిగ్గుపడుదును.

పది దినములైన తరువాత, ఆ క్యాంపుకు నాట్ల పనికి దూరమునుండి వచ్చిన ఒక కన్నడ కుటుంబములో పసిబిడ్డ చనిపోయింది. నన్ను పిలిచారు. తల్లి ఏడ్చుచు నన్ను ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. మూడేండ్లకు పైగా ఆ నేల మీద తిరిగినవాడను, ఆమె అడిగినది నాకు అర్థము కాలేదు. ఊరక నిలుచున్నాను.

ఆ రాత్రి ఆ నోటుబుక్కు తెరిచాను. చివరి పుటలలో తెలుగు అక్షరములు కనబడ్డాయి. నేను చదవమన్న వాక్యభాగమును అతడు ఆ శనివారము నాలుగు మారులు పూర్తిగా వ్రాసికొన్నాడు.

మరునాడు వాళ్ల ఊరికి వెళ్లాను. "తమ్ముడూ, తప్పు నాది. వస్తావా?" అన్నాను. అతడు చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. "అన్నా, తప్పులుంటే గదిలో చెప్పండి. అందరి ముందు వద్దు" అన్నాడు. ఆ సాయంత్రమే ఇద్దరము ఆ తల్లి గుడిసెకు వెళ్లాము. అతడు నేల మీద కూర్చొని ఆమెతో కన్నడములో మాట్లాడాడు. బయటికి వచ్చిన తరువాత, ఆమె ఏమి అడిగిందని అడిగాను. "నాట్లయ్యాక మేము మా ఊరికి పోతాము, ఈ బిడ్డ దగ్గర ఎవరుంటారు అంటున్నది. నేను ఇక్కడివాడినే అమ్మా, నేను చూస్తుంటాను అని చెప్పాను" అన్నాడు. ఆ జవాబు నేను చెప్పగలిగినది కాదు.

2. బర్నబా, మార్కు

మార్కు అను యోహాను బర్నబా, పౌలులతో బయలుదేరి, పెర్గేలో వారిని విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లెను. ఎందుకు వెళ్లెనో లేఖనము చెప్పలేదు. రెండవ ప్రయాణమునకు అతనిని మరల తీసికొనిపోవలెనని బర్నబా, వద్దని పౌలు వాదించి వేరైపోయిరి. పనిని విడిచినవానిని నమ్ముట కష్టమన్న పౌలు మాటలోను న్యాయమున్నది. అయితే బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు వెళ్లెను. లోగడ యెరూషలేములో అందరు సౌలును చూచి భయపడినప్పుడు అతని చేయి పట్టుకొన్నవాడు ఈ బర్నబాయే (అపొ. కార్య. 9:26, 27). పౌలు తన చివరి దినములలో, పరిచర్యకు మార్కు తనకు అవసరమని, అతనిని వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాసెను. ఒకడు మరల అవకాశమిచ్చుటవలన ఇది జరిగెను.

3. తిమోతి

తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసుదేశస్థుడు. రెండు లోకముల నడుమ పెరిగిన బిడ్డ. పరాయి రాష్ట్రములో పెరుగుచున్న మన పిల్లలవంటివాడు. వారు తెలుగు చదువలేరని మనము బాధపడుదుము. అక్షరములు నేర్పవలసినదే. అయితే వారికి వచ్చిన కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ కూడ దేవుడు పరిచర్యకిచ్చిన పనిముట్లే.

4. మన సంఘ చరిత్రలో

లైమన్ జువెట్ దొరగారు 1849లో నెల్లూరు వచ్చిరి. 1854 జనవరి 1న ఒంగోలు కొండపై ఆ ప్రాంతము కొరకు ప్రార్థించిరి. 1865లో ఆయన స్వదేశమునుండి తిరిగి వచ్చునప్పుడు యౌవనస్థుడైన జాన్ క్లౌ గారు వెంట వచ్చిరి. క్లౌ గారు నెల్లూరులో తెలుగు నేర్చుకొని 1866లో ఒంగోలు వెళ్లిరి. జువెట్ గారు తాను ప్రార్థించిన పొలమును కొత్తవానికి అప్పగించి, తాను నెల్లూరులో నిలిచిరి. 1878 జూలై 3న 2,222 మంది బాప్తిస్మము పొందిన ఆ దినమున క్లౌ గారు తమ చేతులతో బాప్తిస్మమియ్యలేదు. తెలుగు బోధకులే ఇచ్చిరి. నేర్పినవాడు పక్కకు జరుగుట ఇదే.

5. ఆచరణకు

(అ) తప్పును ఏకాంతమున చెప్పుము. మంచిని సంఘము ఎదుట చెప్పుము.
(ఆ) పని ఇచ్చిన తరువాత అది పూర్తియగువరకు అతని చేతిలోనే ఉండనిమ్ము.
(ఇ) అతనికి తెలిసి నీకు తెలియనిదేదో అడిగి నేర్చుకొనుము.
(ఈ) విడిచిపోయినవాని ఇంటికి నీవే ముందు వెళ్లుము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పౌలు, బర్నబాల వివాదములో మీరు ఎవరి పక్షమున ఉందురు? ఎందుకు?
2. మన సంఘములో తెలుగు చదువలేని యౌవనులకు ఏ పరిచర్య ఇచ్చియున్నాము?
3. మన మాటవలన నొచ్చుకొని వెళ్లిపోయినవారెవరు? ఈ వారము వారి ఇంటికి ఎవరు వెళ్లుదురు?

మూడవ ప్రశ్నకు జవాబు కాగితముపై వ్రాయవద్దు. వెళ్లి రండి.