చుక్కలు కలిశాయి, పట్టీలు రాలేదు



అమ్మాయీ, నీ ఉత్తరం అందింది. మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్‌లో రెండు ఎర్ర చుక్కలూ తెర మీద ఒకదానిపై ఒకటి పడ్డాయనీ, అయినా వ్యతికరణ పట్టీలు కనబడలేదనీ, తిప్పగా తిప్పగా అద్దం స్క్రూలు చివరిదాకా వచ్చేశాయనీ రాశావు. ముందు ఆ స్క్రూల మీంచి చెయ్యి తియ్యి. లోపం బయటపడేది తెర మీదే అయినా, పుట్టేది చాలాసార్లు అంతకు ముందెక్కడో.

పట్టీలు లేవని నువ్వనుకుంటున్నావు. అవి నీ కంటికి అందనంత సన్నగా ఉండి ఉంటాయి. లెక్క వేసి చూడు. హీలియం-నియాన్ ఎర్ర కాంతి తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. అద్దం ఉండాల్సిన దిశకు ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగితే పట్టీకీ పట్టీకీ మధ్య దూరం సుమారు 18 మైక్రోమీటర్లే. ఆ ఒరుగును డిగ్రీలో 60వ వంతుకు తగ్గిస్తే దూరం మిల్లీమీటరు దాటుతుంది, అప్పుడు కంటికి ఆనుతుంది. అద్దం ఎంత కోణం తిరిగితే కిరణం అంతకు రెట్టింపు తిరుగుతుందని కూడా గుర్తుంచుకో. అందుకే స్క్రూను వెంట్రుకవాసి కదపడం నేర్చుకోవాలి.

ఇక చుక్కలు కలవడం గురించి. తాపీమేస్త్రీ గోడ కట్టేముందు దారానికి రెండు కొసలా మేకులు కొడతాడు. ఒక్క మేకుతో దారం ఎటైనా తిరుగుతుంది. నీ కిరణాలు తెర దగ్గర కలిసి, అక్కణ్ణుంచి విడిపోతున్నాయి. బీమ్‌స్ప్లిట్టర్ దాటగానే ఒక తెల్ల అట్టముక్క పెట్టి అక్కడ కలిశాయో లేదో చూడు, తర్వాత తెరను వీలైనంత దూరం జరిపి చూడు. రెండుచోట్లా కలిస్తేనే అవి ఒకే దారిన పోతున్నట్టు.

కలవకపోతే లేజర్ దగ్గరకు వెళ్లి మొదటినుంచి రా. కిరణం ఎత్తు బల్ల పొడవునా ఒకటేనా అని స్కేలుతో కొలువు. లేజర్ తర్వాత రెండు అద్దాలు, వాటి తర్వాత దూరదూరంగా రెండు ఐరిస్‌లు ఉంచు. మొదటి అద్దంతో దగ్గరి ఐరిస్ మధ్యకు తే, రెండో అద్దంతో దూరపు ఐరిస్ మధ్యకు తే. రెండోది తిప్పినప్పుడు మొదటిది కాస్త చెడుతుంది, మళ్లీ సర్దు. విడత విడతకూ తేడా తగ్గుతుంది. అద్దాలను తారుమారు చేశావా, తేడా పెరుగుతూనే పోతుంది. స్క్రూ చివరికి వచ్చేస్తే బలవంతం చేయకు. దాన్ని మధ్యకు తెచ్చి, మౌంట్ కాలునే వదులు చేసి చేత్తో తిప్పు.

చుక్కల్లో ఏది అసలుదో తేల్చుకున్నావా? పూత లేని గాజు ప్రతి తలమూ సుమారు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. బీమ్‌స్ప్లిట్టర్ వెనక తలం నుంచి వచ్చిన నీరసమైన చుక్కతో కలిపి కూర్చుంటే ఎన్నాళ్లైనా ఫలితం ఉండదు. ఇంటర్‌ఫెరోమీటర్ రెండు భుజాల చివర ఉన్న అద్దాల్లో ఒక్కోదాన్ని అట్టతో మూసి, ఏ చుక్కలు మాయమయ్యాయో చూసుకుని, రెండు గుంపుల్లోనూ ప్రకాశవంతమైన దాన్నే కలుపు. రెండు భుజాల పొడవూ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాలోకి తెచ్చుకో. వెనక్కి తిరిగొచ్చే కిరణం నేరుగా లేజర్ నోట్లో పడితే వెలుగు ఊగిసలాడుతుంది, దాన్ని కాస్త పక్కకు పడనివ్వు.

పట్టీలు వచ్చి వణుకుతుంటే మాత్రం అద్దాలను అనుమానించకు. 1881లో మైకెల్సన్ బెర్లిన్‌లో ఈ పరికరాన్ని పెట్టినప్పుడు నగరం కదలికలకు రాత్రిపూట కూడా పట్టీలు నిలవలేదు. పోట్స్‌డామ్ వేధశాలకు మార్చాక కూడా దాదాపు 100 మీటర్ల దూరంలో ఎవరైనా కాలితో నేలను గట్టిగా తడితే పట్టీలు చెరిగిపోయేవని ఆయనే రాశాడు. 1887లో మోర్లీతో కలిసి చేసిన ప్రయోగంలో బరువైన రాతిపలకను పాదరసం మీద తేలించడానికి ఈ బాధ కూడా ఒక కారణం. నువ్వు ఫ్యాను ఆపి, తలుపు వేసి, లేజర్ వెలిగించాక అరగంట ఆగి చూడు.

చివరగా కళ్ల జాగ్రత్త: కిరణం వాటికి తగిలి కంట్లో పడకుండా ఉంగరం, గాజులు, గడియారం తీసి పక్కన పెట్టు. కింద పడ్డ స్క్రూ కోసం వంగేటప్పుడు ముందు కిరణాన్ని అట్టతో మూసెయ్. చూపు పోతే తిరిగి రాదు తల్లీ, ఈ ఒక్క విషయంలో తొందరపడొద్దు. దూరపు తెర మీద ఏం కనబడిందో బొమ్మ గీసి రాయి.

నీ పెదనాన్న