రాతి పొరల మధ్య సముద్రం జాడ

సముద్రం ఒకప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలంటే, రాతి పొరకూ పొరకూ మధ్యనున్న సరిహద్దును మనం చదవాలి. ఇసుకరాయి మీద మెత్తని మట్టిరాయి, ఆపైన సముద్రపు గుల్లలున్న సున్నపురాయి ఉంటే, నీటి లోతు పెరిగిందన్నమాట. గుల్లల పొర పైభాగం కోసుకుపోయి, దానిమీద నది తెచ్చిన గులకరాళ్లు పేరుకుంటే, సముద్రం వెనక్కి తగ్గి నేల బయటపడిందని అర్థం.

మన గోదావరి ప్రాంతంలోనే చూద్దాం. దుద్దుకూరు దగ్గర సుమారు 6.6 కోట్ల ఏళ్లనాటి లావా రాయి కింద సముద్రపు నత్తగుల్లల సున్నపురాయి ఉంది. నేటి తీరం అక్కడికి ఎంతో దూరం.

అయితే ఒక్కచోటు చూసి తీర్పు చెప్పరాదు. నేల కుంగినా, పైకి లేచినా ఇలాంటి గుర్తులే మిగులుతాయి. దూరదూరపు తీరాల్లో ఒకే కాలపు సరిహద్దులు కలిసినప్పుడే ప్రపంచ సముద్రమట్టం మారిందనగలం. పిల్లలకు మనం ముందుగా నేర్పవలసింది ఈ ఓపికే.