కలతకు ఎదురుమాట

కొలకలూరు,
తెనాలి మండలం.

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

డీఎస్సీకి వ్యతిరేక పదాలు బట్టీ పడుతున్నానని, మనసు మాత్రం దేనిమీదా నిలవడం లేదని రాశావు. పదాల సంగతి ముందు చూద్దాం. రెండోది అందులోనే తేలుతుంది.

లేమికి కలిమి, కీడుకు మేలు, చింతకు నిశ్చింత, ఆపదకు సంపద. ఇవి నీకు వచ్చినవే. దుర్భిక్షానికి సుభిక్షం దగ్గర ఒక్క నిమిషం ఆగు. అడిగినవాడికి ఇంత పెట్టగలిగే కాలమని దాని అర్థం. 1832-33లో మన గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చేసింది. జిల్లా జనంలో మూడో వంతుకు పైగా పోయారంటారు. ఆ ఏడాది పేరేమిటనుకున్నావు? నందన! పేరులో ఎంత ఆనందముంటే ఏం లాభం? ఆ కరువుకు జవాబు ఇరవై ఏళ్లు దాటాక, 1855కి పూర్తయిన బెజవాడ ఆనకట్టతో వచ్చింది. ఏ బాధకు తగ్గ విరుగుడు ఆ బాధకు ఉంటుంది, అన్నిటికీ సంతోషమని రాస్తే మార్కు పోతుంది.

నీది కరువు కాదు, కలత. దానికి ఎదురు తేట. కాలువకు ఎర్రనీళ్లు వచ్చినప్పుడు మీ నాయనమ్మ చిల్లగింజను రాతిమీద అరగదీసి, ఆ గంధం బిందెలో కలిపి మూత పెట్టేది. తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి, పైన నీళ్లు తేరుకునేవి. ఆగలేక మధ్యలో ఎవరైనా చెంబు ముంచారో, మళ్లీ మొదటికే! గట్టి దెబ్బ తిన్న మనిషినీ మనం 'తేరుకున్నాడు' అనే అంటాం. దుఃఖం ఎటూ పోలేదు, అడుక్కి దిగింది, అంతే. సంస్కృతంలో విషాదం, ప్రసాదం కూడా ఒకే ధాతువు బిడ్డలు. నీటి విషయంలో ప్రసన్నమంటే తేటపడిందనే. (ఇది డీఎస్సీలో అడగరులే.)

అందుకని 'నేను బాగున్నానా, లేదా' అని గంటకోసారి చెంబు ముంచకు. రాత్రి పదింటికి ఫోన్ అవతల పెట్టు. మాక్ టెస్టులో పక్క గది పిల్లకు ఎన్నొచ్చాయో అడగకు. వేళకు అన్నం తిను. రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లు. జ్వరమొస్తే వెళ్లమా? 14416కి ఫోన్ చేసినా సరే, అది ప్రభుత్వం వారి టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇంకొక్క మాట. కష్టసుఖాలని మనవాళ్లు రెంటినీ ఒకే మాటగా కట్టేశారు, చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి గనక. నాకు రాసిందంతా మీ అమ్మకూ చెప్పు. ఆవిడకేమీ తెలియదనుకుంటున్నావు. నిన్న నన్ను అడగనే అడిగింది, నేనే దాటవేశాను. ఈ సాయంత్రం నువ్వే ఫోన్ చెయ్యి.

మీ తాతయ్య