పెన్‌డ్రైవ్ పెట్టగానే 'ఫార్మాట్' అడుగుతోందా? ఆగండి.. తప్పు ఎక్కడుందో ముందు ఇలా కనిపెట్టండి!

జనగామలో మీ అక్క పెళ్లి అయింది. స్టూడియో వాళ్లు ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. వాళ్ల సిస్టమ్‌లో కాపీని ఎప్పుడో డిలీట్ చేశారు. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌కు పెడితే, డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని విండోస్ అంటోంది. పక్కనే బటన్ కూడా ఉంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, దాన్ని నొక్కేస్తారు.

నొక్కకండి. ఆ మెసేజ్ అర్థం 'డ్రైవ్ పోయింది' అని కాదు. 'లోపల ఉన్నది నాకు చదవడం రావట్లేదు' అని మాత్రమే. ఎందుకు రావట్లేదో కనిపెట్టడమే ఈ రోజు పాఠం.

ముందు ఈ నాలుగు మెట్లు గుర్తుపెట్టుకోండి

పెన్‌డ్రైవ్ పెట్టిన దగ్గర్నుంచి ఫైల్ కనిపించే వరకు పని నాలుగు మెట్లలో జరుగుతుంది.

1. పోర్టు కరెంట్ ఇస్తుంది. 'నువ్వెవరు?' అని సిస్టమ్ అడిగితే డ్రైవ్ తన వివరాలు చెబుతుంది.
2. అది స్టోరేజ్ పరికరం అని తెలిశాక విండోస్ 'యూఎస్‌బీస్టోర్' అనే డ్రైవర్‌ను లోడ్ చేస్తుంది. వేగంగా పనిచేసే కొన్ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లకు 'యూఏఎస్‌పీస్టోర్' అనే వేరే డ్రైవర్ ఉంటుంది. ఇది విండోస్ 8తో వచ్చింది.
3. డిస్క్, దానిలోని పార్టిషన్ కనిపిస్తాయి.
4. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ తెరుచుకుంటుంది.

పని ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం రిపేర్ అయినట్టే. అది తెలియకుండా డ్రైవర్ డౌన్‌లోడ్ సైట్ల వెంట పడితే వైరస్ తప్ప ఏమీ రాదు. పైన చెప్పిన రెండు డ్రైవర్లూ విండోస్‌లోనే ఉంటాయి, బయట నుంచి తెచ్చుకోవాల్సిన పని లేదు.

జనగామ పెన్‌డ్రైవ్: నాలుగో మెట్టు

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. అక్కడ మూడు రకాలుగా కనిపించవచ్చు.

- 'హెల్తీ' అని ఉంది కానీ డ్రైవ్ లెటర్ లేదు: ఇది పెద్ద సమస్యే కాదు. రైట్ క్లిక్ చేసి లెటర్ ఇస్తే చాలు.
- 'రా' అని ఉంది: డ్రైవర్ బాగానే ఉంది, ఫైల్ సిస్టమ్ దెబ్బతింది. మన పెళ్లి ఫొటోలది ఈ కేసే.
- 'నో మీడియా' అని ఉంది: డ్రైవ్‌లోని కంట్రోలర్ పలుకుతోంది కానీ మెమరీ చిప్ పలకట్లేదు. ఇక సాఫ్ట్‌వేర్‌తో పెద్దగా లాభం లేదు.

'రా' అని కనిపిస్తే వెంటనే 'చెక్‌డిస్క్' నడపకండి. అది డ్రైవ్ మీదే మార్పులు రాస్తుంది. ముందు ఉచితంగా దొరికే 'ఫొటోరెక్' లాంటి టూల్‌తో ఫొటోలను వేరే డిస్క్‌లోకి తీసుకోండి. అది పాడైన డ్రైవ్‌ను చదువుతుందే తప్ప దాని మీద రాయదు. ఫైళ్ల పేర్లు మారిపోతాయి, కానీ ఫొటోలు చేతికొచ్చే అవకాశం ఎక్కువ. రిపేర్, ఫార్మాట్ అన్నీ ఆ తర్వాతే.

పొరపాటున 'క్విక్ ఫార్మాట్' చేసేశారా? ఇంకా ఆశ ఉంది, ఆ డ్రైవ్‌లో కొత్తగా ఏమీ కాపీ చేయకండి. ఫుల్ ఫార్మాట్ చేస్తే మాత్రం కష్టం. విండోస్ విస్టా నుంచి అది డిస్క్ అంతా సున్నాలతో నింపేస్తుంది.

మహబూబాబాద్ కాలేజీ ల్యాబ్: రెండో మెట్టు

మహబూబాబాద్‌లో డిగ్రీ చదివే తమ్ముడి పెన్‌డ్రైవ్ ఇంట్లో పనిచేస్తోంది, ల్యాబ్‌లో మాత్రం కనిపించట్లేదు అనుకోండి. మౌస్, కీబోర్డ్ అవే పోర్టుల్లో చక్కగా పనిచేస్తున్నాయి. అంటే మొదటి మెట్టు దాటింది, రెండో మెట్టు దగ్గర ఆగింది.

దీనికి తరచూ ఉండే కారణం ఒకటే. వైరస్ భయంతో అడ్మిన్ కావాలనే స్టోరేజ్ డ్రైవర్‌ను ఆపేసి ఉంటారు. రిజిస్ట్రీలోని 'సర్వీసెస్' కింద యూఎస్‌బీస్టోర్‌లో 'స్టార్ట్' విలువ మామూలుగా 3 ఉంటుంది, 4 ఉంటే డ్రైవర్ ఆపేసినట్టు. ల్యాబ్ సిస్టమ్‌లో దాన్ని మీరు మార్చకండి, సార్‌ను అడగండి.

మీ సొంత సిస్టమ్‌లోనే ఇలా జరిగితే డివైజ్ మేనేజర్‌లో 'యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డివైజ్'ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డ్రైవ్ తీసి మళ్లీ పెడితే విండోస్ డ్రైవర్‌ను కొత్తగా ఎక్కిస్తుంది.

భూపాలపల్లి హార్డ్ డిస్క్: మొదటి మెట్టు

భూపాలపల్లిలో ఒక ఫ్రెండ్ ప్రాజెక్ట్ మొత్తం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నాడు. కాపీ సగంలో ఉండగా డిస్క్ మాయమవుతుంది, మళ్లీ వస్తుంది. ఒక్కోసారి డివైజ్ మేనేజర్‌లో 'కోడ్ 43' అని చూపిస్తుంది. డ్రైవర్ పాడైందని అతను విండోస్ మళ్లీ వేయడానికి సిద్ధమయ్యాడు.

అంత అవసరం లేదు. 'ఈవెంట్ వ్యూయర్'లో విండోస్ లాగ్స్ కింద 'సిస్టమ్' తెరిచి, 'డిస్క్' అనే సోర్స్ దగ్గర నంబర్లు చూడండి.

- 157: డిస్క్ చెప్పకుండా ఊడిపోయింది. కేబుల్ లేదా కరెంట్ మీద అనుమానం.
- 153: చదవడం ఒకసారి కుదరక మళ్లీ ప్రయత్నించింది.
- 7: బ్యాడ్ బ్లాక్. డిస్క్ చావుకు దగ్గర్లో ఉండొచ్చు, వెంటనే బ్యాకప్ తీసుకోండి.

157 కనిపిస్తే ముందు కేబుల్ మార్చండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, 3.0 ఇచ్చేది 900. హార్డ్ డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు కరెంట్ ఎక్కువ లాగుతుంది. అందుకే క్యాబినెట్ ముందున్న పోర్టు కాకుండా వెనక, మదర్‌బోర్డు మీదున్న పోర్టులో నేరుగా పెట్టి చూడండి. తర్వాత పవర్ ఆప్షన్స్‌లో 'యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్' ఆపి చూడండి.

ఏదీ తేలకపోతే ఒక చిన్న పరీక్ష

ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో అదే సిస్టమ్‌ను బూట్ చేసి, సమస్య ఉన్న డ్రైవ్‌ను పెట్టండి. అక్కడ పనిచేస్తే తప్పు విండోస్ వైపు ఉంది. అక్కడా పనిచేయకపోతే పోర్టు, కేబుల్, డ్రైవ్.. ఈ మూడింటిలో ఒకటి. ఇంకో సిస్టమ్‌లో పెడితే అదీ తేలిపోతుంది. ఫోన్‌లో ఓటీజీతో కూడా చూడొచ్చు. కానీ చాలా ఫోన్లు ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదవలేవు, అవి కూడా ఫార్మాట్ అడుగుతాయి. అక్కడా నొక్కకండి!

చివరగా ఒక్క మాట. ఒకే చోట ఉన్న ఫైల్‌ను బ్యాకప్ అనరు. ఈ రోజే మీ ఇంట్లో పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ వెతికి, ఇంకో కాపీ చేసి పెట్టండి.