యుద్ధం సినిమాలో వినాల్సింది ఎవరి అడుగు?

సందేహాలు - సమాధానాలు

ఈ నెల కళుగుమలై, కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలను ఒకచోట చేర్చాను. అన్నీ యుద్ధ కథల సినిమాల్లో వినిపించే ఆర్కెస్ట్రా సంగీతం గురించే. కాయత్తార్‌కు, పాంచాలంకురిచ్చికి, ఎట్టయపురానికి దగ్గర్లో పుట్టి పెరిగినవాళ్ళు ఈ ప్రశ్నలు అడగడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ప్రశ్న: కట్టబ్రహ్మన సినిమాను తెలుగులో చూశానని మా తాత చెబుతుంటాడు. దానికి సంగీతం ఎవరు? ఇప్పటి సినిమాల మాదిరి పెద్ద ఆర్కెస్ట్రా వాడారా?
(ఒక కళాశాల విద్యార్థి, కళుగుమలై)

సమాధానం: తాత చెప్పింది నిజం. బి.ఆర్. పంతులు దర్శకత్వంలో శివాజీ గణేశన్ నటించిన ‘వీరపాండియ కట్టబొమ్మన్’ 1959లో వచ్చింది. ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ పేరుతో తెలుగులోకీ అనువదించారు. సంగీతం జి. రామనాథన్. 1960లో కైరోలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో శివాజీకి ఉత్తమ నటుడిగా, రామనాథన్‌కు ఉత్తమ సంగీత దర్శకుడిగా బహుమతులు వచ్చాయి. తెలుగు ఇంట పుట్టి, ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని ఎదిరించి, 1799 అక్టోబరు 16న కాయత్తార్‌లో ఉరికంబం ఎక్కిన పాలెగాడి కథ అలా నైలు నది ఒడ్డుదాకా వెళ్ళింది.

ఇక ఆర్కెస్ట్రా సంగతి. అప్పట్లో వాయిద్యకారులందరూ ఒకే హాలులో కూర్చునేవారు. సినిమాను రీలు రీలుగా తెరమీద ఆడిస్తుంటే, సంగీత దర్శకుడు నిడివి లెక్క కట్టుకుని స్వరాలు రాసిచ్చేవాడు. వయొలిన్లు, సెల్లోలు, క్లారినెట్, ట్రంపెట్ ఒక పక్క, మృదంగం, తబలా, ఢోలక్ ఇంకో పక్క. ఒక్కరు తప్పు వాయించినా అందరూ మళ్ళీ మొదటి నుంచి వాయించాల్సిందే. ఇప్పటిలాగా ఒక్కో వాద్యాన్ని విడివిడిగా రికార్డు చేసి తర్వాత కలుపుకునే వీలు లేదు. అందుకే ఆనాటి యుద్ధ సంగీతంలో వాయిద్యకారులు ఒకరినొకరు వింటూ వాయించిన బిగువు తెలుస్తుంది. తాతతో కూర్చుని ఆ సినిమా మళ్ళీ చూడు బాబూ. రెండోసారి మాటలు వదిలేసి, మాటల వెనక ఏం మోగుతోందో విను.

ప్రశ్న: బడిపిల్లలకు సంగీతం నేర్పుతాను. యుద్ధ సన్నివేశంలో ఏ వాద్యం ఏ పని చేస్తుంది? తెరమీది కదలికతో తాళం అంత కచ్చితంగా ఎలా కలుస్తుంది?
(ఒక ఉపాధ్యాయురాలు, కోవిల్‌పట్టి)

సమాధానం: అమ్మా, ముందు పిల్లలకు ఒక చరిత్ర చెప్పండి. పాత సైన్యాల్లో బూర, డోలు ఆజ్ఞలు. తుపాకుల మోతలో అధికారి గొంతు వినపడదు కాబట్టి నడవమన్నా, ఆగమన్నా, వెనక్కి తగ్గమన్నా వాటితోనే చెప్పేవారు. సినిమా ఆర్కెస్ట్రా ఆ అలవాటునే తెచ్చుకుంది. స్నేర్ డ్రమ్ వినగానే మనకు కవాతు గుర్తుకొస్తుంది, ట్రంపెట్ వినగానే పిలుపు గుర్తుకొస్తుంది.

మిగతా పని పంపకం ఇలా ఉంటుంది. సెల్లోలు, డబుల్ బేస్‌లు ఒకే చిన్న స్వరగుచ్ఛాన్ని పదేపదే వాయిస్తూ రాబోయే ఆపదను తెలుపుతాయి. ఫ్రెంచ్ హార్న్‌లు, ట్రాంబోన్‌లు సేన బరువును మోస్తాయి. టింపని గుండెదడ. యుద్ధం ముగిశాక మిగిలిన ఒంటరి మనిషి కోసం ఓబోనో, ఒక్క వయొలిన్‌నో వాడతారు. ‘షిండ్లర్స్ లిస్ట్’ (1993)లో జాన్ విలియమ్స్ అంత పెద్ద విషాదాన్ని ఇట్జాక్ పెర్ల్‌మన్ వయొలిన్‌కు అప్పగించాడు.

తాళం లెక్క మీ పిల్లలు నల్లబల్ల మీద చేయగలరు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 120 దెబ్బల వేగం పెట్టుకుంటే, దెబ్బకు 12 ఫ్రేములు. వేగాన్ని 90కి తగ్గిస్తే దెబ్బకు 16 ఫ్రేములు. కోట తలుపు 10వ సెకనులో కూలాలంటే, 120 వేగంలో సరిగ్గా 20 దెబ్బలు పూర్తయ్యాక సంగీతం అక్కడికి చేరుతుంది. వాయిద్యకారుల చెవిలో ‘క్లిక్’ అనే టిక్‌టిక్ శబ్దం నడుస్తూ ఉంటుంది. అందరూ దాన్ని పట్టుకుని వాయిస్తారు.

ప్రశ్న: కళుగుమలై మురుగన్‌కు మేం కావడి ఎత్తేవాళ్ళం. ఆ చిందు నడకకూ యుద్ధం బాణీకీ ఏమైనా పొత్తు ఉందా? అడగడం తప్పయితే మన్నించండి.
(ఒక గృహిణి, కళుగుమలై)

సమాధానం: తప్పేముందమ్మా! ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికన్నా లోతైనది ఇదే.

కావడి చిందుకు సాహిత్యరూపం ఇచ్చిన అన్నామలై రెడ్డియార్ మీ కళుగుమలై స్వామి మీదే ఆ పాటలు కట్టాడు. కావడి భుజాన వేసుకున్న మనిషి అలవకుండా కొండదాకా నడవడానికి పుట్టిన లయ అది. సాధారణంగా తిశ్రగతిలో, మూడు మూడుగా ఊగుతుంది. సైనికుడి కవాతు ఎడమ, కుడి అంటూ రెండు రెండుగా పడుతుంది. రెండూ నడకలే. ఒకటి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళే నడక, రెండోది ఆజ్ఞకు లొంగిన నడక.

యుద్ధ సంగీతానికి మూలం మోత అని చాలామంది అనుకుంటారు. నేను అడుగు అంటాను. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ (1957) చూడండి. చిరిగిన బూట్లతో బ్రిటిష్ బందీలు ‘కర్నల్ బోగీ’ అనే 1914 నాటి కవాతు బాణీని ఈల వేస్తూ శిబిరంలోకి వస్తారు. మాల్కమ్ ఆర్నల్డ్ ఆ ఈలకు తన సొంత కవాతును జోడించి ఆర్కెస్ట్రాతో పైకి లేపాడు. ఒంట్లో శక్తి లేకపోయినా తలవంచని మనుషులని ఒక్క మాట లేకుండా మనకు తెలుస్తుంది. అయితే ఆ బందీల చేత వేయించిన రైలుమార్గం కోసం మలయా తోటల నుంచి తీసుకుపోయిన తమిళ, తెలుగు కూలీలు కూడా వేలల్లో చచ్చిపోయారు. సినిమా కథ బ్రిటిష్ బందీల చుట్టూ తిరుగుతుంది, అందుకే సంగీతం వాళ్ళ అడుగునే వినిపిస్తుంది. మనవాళ్ళ అడుగు అందులో లేదు.

కట్టబ్రహ్మన కథను ఎవరైనా మళ్ళీ తీస్తే నా సలహా ఒకటుంది. కంపెనీ సేనకు రెండు రెండుగా పడే స్నేర్ డ్రమ్ పెట్టండి, కట్టబ్రహ్మన కోట పాంచాలంకురిచ్చికి మూడు మూడుగా ఊగే నడక ఇవ్వండి. కోటగోడ దగ్గర ఆ రెండు లయలూ ఢీకొంటే, కళ్ళు మూసుకున్నవాడికీ యుద్ధం తెలుస్తుంది.

ప్రశ్న: మేం రాజకంబళం వాళ్ళం. మా పెద్దలు దేవరాట్టం ఆడతారు. మా దేవదుందుభి, ఉరుమి పెద్ద ఆర్కెస్ట్రా పక్కన మునిగిపోతాయని ఒక స్టూడియోలో అన్నారు. నిజమేనా?
(ఒక యువకుడు, ఎట్టయపురం దగ్గరి పల్లె)

సమాధానం: తమ్ముడూ, మునిగేలా రాస్తే ఏ వాద్యమైనా మునుగుతుంది. ఉరుమికి ఒక పక్క పుల్లతో కొడతారు, ఇంకో పక్క వంపు కర్రతో తోలును రుద్దుతారు. ఆ రుద్దుడులోంచి వచ్చే మూలుగు ఏ టింపనీకీ రాదు. కానీ అది పలికే కింది స్థాయిలోనే సెల్లోలు, ట్రాంబోన్‌లు కూడా నిండిపోతే చెవికి చేరదు. కాబట్టి ఉరుమి మూలిగేటప్పుడు కింది వాద్యాలను ఆపాలి. వయొలిన్లు పైన ఒకే స్వరాన్ని సన్నగా పట్టుకుని ఉంటే చాలు. దేవరాట్టంలో పాట కన్నా దుందుభి దెబ్బ, దానికి పడే అడుగు ముఖ్యం. విజయం సాధించి వచ్చిన వీరుల ఆటగా మీవాళ్ళు దాన్ని చెప్పుకుంటారు. యుద్ధ సినిమాకు అంతకన్నా సొంతమైన లయ ఇంకేం కావాలి?

పడమటి బాణీ, మన బాణీ కలవవని ఎవరైనా అంటే మీ ఎట్టయపురాన్నే చూపించు. కట్టబ్రహ్మనకు సమకాలికుడైన ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టాడు. వాటినే నోట్టుస్వరాలు అంటాం. బ్రిటిష్ రాజగీతం బాణీ కూడా అందులో ఉంది. ఆయన 1835లో ఎట్టయపురంలోనే కన్నుమూశాడు. ఆ వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో అక్కడి నుంచే ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో అచ్చు వేయించాడు. గమకాలకు కూడా గుర్తులు పెట్టి రాసిన స్వరలిపి అది. తాళపత్రాలు, నోటిమాట మీద నడిచిన సంగీతాన్ని కాగితం మీదికి తెచ్చిన ఊరు నీ పక్కనే ఉంది. మీ దుందుభి దెబ్బలను కూడా ఎవరో ఒకరు అంత శ్రద్ధగా రాయాలి. ఆ ఒకరు నువ్వే ఎందుకు కాకూడదు?

ప్రశ్న: ఈ మధ్య యుద్ధం సినిమాకు పోతే తలనొప్పితో తిరిగొస్తున్నాను. అంత మోత అవసరమా?
(ఒక విశ్రాంత ఉద్యోగి, విరుదునగర్)

సమాధానం: అవసరం లేదండీ. ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ (1998)లో ఒమాహా తీరంలో సుమారు 25 నిమిషాల పోరాటం ఉంది. అక్కడ జాన్ విలియమ్స్ ఒక్క స్వరం కూడా పెట్టలేదు. సముద్రం, తూటాలు, మనుషుల కేకలు, అంతే. అకిరా కురొసావా ‘రాన్’ (1985)లో దానికి తలకిందులుగా చేశాడు. కోట తగలబడుతుంటే కత్తుల చప్పుడు, కేకలు అన్నీ తీసేసి తోరు తకెమిత్సు రాసిన శోకసంగీతాన్ని మాత్రమే ఉంచాడు. చివర్లో ఒక్క తుపాకి పేలి మళ్ళీ లోకం శబ్దాలు మొదలవుతాయి. ఇద్దరూ ఒక్కటే పాటించారు: చప్పుడు, సంగీతం ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకోకూడదు. మన సినిమాల్లో ఈ రెంటినీ ఒకేసారి పూర్తి గొంతుతో వదలడమే మీ తలనొప్పికి కారణం. ఇది సంగీత దర్శకుల బలహీనత అని నిర్మొహమాటంగా చెబుతున్నాను.

ఓపికగా వినదగినవి కావాలంటే మూడు చెబుతాను. ఎస్. రాజేశ్వరరావు సంగీతం చేసిన ‘బొబ్బిలి యుద్ధం’ (1964). ఇళయరాజా చేసిన ‘పళశ్శి రాజా’ (2009). ఇది కూడా కట్టబ్రహ్మన కాలంలోనే కంపెనీతో పోరాడిన కేరళ వీరుడి కథ. దీని నేపథ్య సంగీతానికి జాతీయ అవార్డు వచ్చింది. మూడోది, రెండో ప్రపంచయుద్ధంలో మన పల్లెటూరి కుర్రాడిని చూపించిన ‘కంచె’ (2015), సంగీతం చిరంతన్ భట్.

ప్రశ్న: కంప్యూటర్‌లో ఆర్కెస్ట్రా ధ్వనులన్నీ దొరుకుతున్నాయి. నిజమైన వాయిద్యకారులు ఇంకా కావాలా? నేను ఈ రంగంలోకి రావాలనుకుంటున్నాను.
(ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కోవిల్‌పట్టి)

సమాధానం: కావాలి బాబూ. కంప్యూటర్ ధ్వనితో నమూనా చేసుకోవడం మంచిదే. డబ్బు లేనివాడికి అది వరం. కానీ కంప్యూటర్‌లోని నలభై వయొలిన్ల మీద ఒక్క నిజమైన వయొలిన్ వాయించి చూడు, మొత్తం బృందానికీ ఊపిరి వస్తుంది. ఇళయరాజా ‘హే రామ్’ (2000) కోసం బుడాపెస్ట్ దాకా వెళ్ళి అక్కడి సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాడు. అంతదూరం నువ్వు వెళ్ళలేకపోవచ్చు. నీ ఊళ్ళో ఏముందో ముందు విను. నాగస్వర విద్వాంసుడు కారుకురిచ్చి అరుణాచలం కోవిల్‌పట్టిలోనే స్థిరపడి జీవించాడు. ‘కొంజుం సలంగై’ (1962)లో ఎస్. జానకి గొంతుకు పోటీగా ఆయన నాగస్వరం పలికింది. అలాంటి పలుకు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకదు.

స్వరలిపి చదవడం, రాయడం నేర్చుకో. లయ లెక్క పైన టీచరమ్మకు చెప్పాను, రోజూ సాధన చెయ్యి.

చివరిగా ఈ నెల ఉత్తరాలు రాసిన అందరికీ ఒక మనవి. మీ ఊళ్ళలో దుందుభి కొట్టే పెద్దలు, చిందు పాడే అవ్వలు, తేరు ముందు నాగస్వరం ఊదే తాతలు ఇంకా ఉన్నారు. వచ్చే పండగకు వాళ్ళ పక్కన కూర్చుని, మీ చేతిలోని ఫోనులోనే వాళ్ళ వాద్యాన్ని పూర్తిగా రికార్డు చేసి పెట్టండి. ఏ దెబ్బ ఎక్కడ, ఎందుకు పడుతుందో వాళ్ళ నోటితోనే చెప్పించండి. రేపు ఎవరైనా ఈ నేల యుద్ధకథను తెరకెక్కిస్తే, ఆ ఆర్కెస్ట్రాకు ఇక్కడి అడుగు మీ దగ్గరే దొరకాలి.