కణద్వారములు – మందుబిళ్ల ప్రయాణము

నడుము చుట్టునో, ముఖముననో ఒక ప్రక్కన మంటతో నీటిపొక్కులు లేచినచో 'అక్కి' అని ఎర్రమట్టితో బొమ్మ వ్రాయించు ఆచారము మన పల్లెలలో కలదు. అక్కికి కారణము ఒక వైరస్. అది చిన్ననాట ఆటలమ్మగా వచ్చి, నరములలో దాగి, పెద్దతనమున తిరిగి లేచును. దీనికి మందు కలదు. ఆ మందు కడుపులోనుండి రక్తములోనికి ఎట్లు చేరునో పంచాయతీ సభ్యులకు ఈ పాఠమున వివరించుచున్నాము.

పొర – ద్వారము

మన శరీరమందలి ప్రతి కణము చుట్టును కొవ్వుతో కూడిన పలుచని పొర యున్నది. మిల్లీమీటరును 10 లక్షల భాగములు చేసినచో, దాని మందము 5 నుండి 10 భాగములు మాత్రమే. అయినను నీటిలో కరుగు పదార్థములు పెక్కు దానిని దాటజాలవు. అందుచే పొరయందు మాంసకృత్తులతో నిర్మితమైన ద్వారములున్నవి.

మనము తిను పప్పు, పాలు, గ్రుడ్లలోని మాంసకృత్తులు జీర్ణమై ఎమినో ఆమ్లములుగను, అవి రెండేసి, మూడేసి కూడిన తునుకలుగను మారును. ఈ తునుకలు పెప్టైడులు. వీనిని చిన్నప్రేగు కణములలోనికి చేర్చు ద్వారమునకు పెప్ట్-1 అని పేరు. దాని జన్యువును 1994లో కుందేటియందును, 1995లో మానవునియందును గుర్తించిరి.

గోదావరి కాలువల లాకులను చూచినవారికి దీని పని సులభముగా బోధపడును. పడవ లోనికి వచ్చిన పిమ్మట మొదటి తలుపు మూసి, రెండవది తెరతురు. పెప్ట్-1 కూడ ప్రేగు వైపున పెప్టైడును గ్రహించి, ఆ వైపు మూసికొని, కణము లోపలికి తెరచుకొనును. రెండు వైపులును ఒకేసారి తెరచుకొనవు. ప్రేగు గోడయొద్ద అధికముగా నున్న ఉదజని అయానులు లోనికి పారుచు ఈ పనికి బలమునిచ్చును.

మందునకు మారువేషము

20 రకముల ఎమినో ఆమ్లములతో రెండేసి చొప్పున 400, మూడేసి చొప్పున 8,000 కూర్పులు సాధ్యము. ఇన్నింటికి అనువైన ద్వారము గనుక, వానిని పోలిన సెఫాలెక్సిన్ వంటి మందులను కూడ రానిచ్చును.

అక్కికి వాడు ఎసైక్లోవిర్ మ్రింగినచో నూటికి 10 నుండి 20 పాళ్లే రక్తమును చేరును. దానికి వాలీన్ అను ఎమినో ఆమ్లమును జతచేసి వాలసైక్లోవిర్‌ను తయారుచేసిరి. ద్వారము దీనిని పెప్టైడువలె గ్రహించును. లోన వాలీన్ విడిపోయి, సుమారు 54 పాళ్ల మందు రక్తమున లభించును. అందుచే దినమునకు 5 మార్లకు బదులు 3 మార్లు మ్రింగిన చాలును.

మన కర్తవ్యము

మందు ద్వారము దాటవలెనన్న ముందు రోగి వైద్యుని గడప త్రొక్కవలెను. పొక్కులు లేచిన 72 గంటలలోపల మందు ఆరంభించుట మేలు. మట్టిపూతతో మూడు దినములు గడపినచో ఆ అదను తప్పును. నరముల నొప్పి నెలల తరబడి బాధింపవచ్చును. కంటియొద్ద లేచిన అక్కి చూపునకే ముప్పు. గడువు దాటినను వైద్యుని చూడక మానరాదు. మూత్రపిండముల జబ్బు గలవారికి మోతాదు మార్చవలసియుండును గాన ఆ సంగతి తప్పక తెలుపవలెను. తమ వార్డులో అక్కి లేచినవారిని నాడే ఆసుపత్రికి పంపు బాధ్యతను ప్రతి సభ్యుడును వహింపవలెనని కోరుచున్నాము.