నలుగురి నడుములు పట్టే పని మా ఇంట్లో నామోషీ అంటున్నారు

సమస్య

మాది చౌడేపల్లె మండలంలో చిన్న ఊరు. ఇంటర్‌లో బైపీసీ, తర్వాత మదనపల్లెలో బీఎస్సీ చదివినాను. మా అవ్వకు పక్షవాతం వచ్చినప్పుడు, ఫిజియోథెరపీ ఆయన చూపించినట్టు రోజూ ఆమె కాలూ చెయ్యీ ఆడించడం, నూనె పట్టించడం నేనే చేసినాను. అవ్వ మళ్లీ గోడ పట్టుకుని నడిచింది. అప్పటి నుంచి టమోటా కోతలకు పోయే ఆడోళ్లు నడుము పట్టేసిందని సాయంత్రాలు మా ఇంటికొస్తా ఉన్నారు. నేను రుద్దితే తగ్గుతుందంటారు. డబ్బులేమీ తీసుకోను. ఇదే నా వృత్తి చేసుకోవాలని ఉంది. మా అమ్మేమో, ఊరోళ్ల కాళ్లు పిసికే పిల్లను ఎవరు చేసుకుంటారని ఏడుస్తుంది. మసాజ్ సెంటర్లంటే ఏమిటో నీకు తెలీదని బెంగళూరులో ఉండే మా అన్న కోప్పడతాడు. అక్కడే ఒకచోట పదిహేను రోజుల్లో నేర్పించి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. చేరేదా?
– ఒక సోదరి, చౌడేపల్లె

సలహా

తల్లీ, ఆ పదిహేను రోజుల కోర్సుకు డబ్బు కట్టొద్దు. నీ కోరికను మాత్రం వదులుకోవద్దు.

మీ అన్న భయం ఉత్తది కాదు. మసాజ్ బోర్డు పెట్టి వేరే వ్యాపారం నడిపే చోట్ల మీద పోలీసు దాడుల వార్తలు వస్తూనే ఉన్నాయి. కాబట్టి ఎక్కడ పనిచేస్తావన్నది ముందు చూసుకోవాలి. అమ్మ మాట వేరు. బాలింతకు ఒళ్లు పట్టి, పసిబిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసిన మంత్రసాని లేనిదే మన ఇళ్లు నడవలేదు. అయినా ఆమెను వాకిట్లోనే నిలబెట్టాం. ఇటు చూస్తే, ఎముక విరిగితే తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా మన పుత్తూరు కట్టుకు వచ్చి చేతులు జోడిస్తారు. రెండూ ఒంటి మీద చెయ్యి వేసే పనులే. తక్కువతనం పనిలో లేదు, చేసేవాళ్ల కులాన్ని చూసిన మన కళ్లలో ఉంది. అమ్మతో పోట్లాడకు, కానీ ఆ మాటకు నువ్వు తల వంచొద్దు.

ఇక అసలు సంగతి. నీ చేతిలో గుణం ఉందనే నమ్ముతున్నాను. కానీ ఈ వృత్తిలో ముందు నేర్చుకోవలసింది ఎప్పుడు చెయ్యి వెయ్యకూడదో. చాలా రోజులు మంచం మీద ఉన్న మనిషికి ఒక పిక్క వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే లోపల రక్తనాళంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు, ప్రాణమే పోవచ్చు. నడుం నొప్పితో పాటు కాళ్లు మొద్దుబారి, మూత్రం మీద అదుపు తప్పితే అది మర్దనతో పోయేది కాదు. ఆ గంటలోనే ఆస్పత్రికి పంపాలి. చక్కెర జబ్బుతో పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకు నూనె కాలుతున్నా తెలీదు. మెడను టక్కున తిప్పి మెటికలు విరవడం ఎవరు నేర్పినా నేర్చుకోకు. 2022లో హైదరాబాద్‌లో ఒకామె బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకోవడానికి మెడ వెనక్కి వాల్చినందుకే పక్షవాతం బారిన పడింది. మెదడుకు వెళ్లే రక్తనాళం నొక్కుకుపోయింది. ఇవి పదిహేను రోజుల్లో వంటబట్టేవి కావు.

ఇంకో సంగతి నువ్వే రాశావు, గమనించావో లేదో. అవ్వను నడిపించింది నూనె కాదమ్మా. రోజూ ఓపిగ్గా ఆ కాలును ఆడించావు చూడు, అదీ. మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) అనే భౌతిక శాస్త్రవేత్త జూడో కూడా నేర్చినవాడు. మోకాలు దెబ్బతిన్నాక తన నడకను తానే పరిశీలించుకుని, మెల్లమెల్లని కదలికలతో శరీరానికి కొత్త అలవాటు నేర్పే పద్ధతి తయారుచేశాడు. అంత పేరున్న పద్ధతి జోలికి పోనక్కర్లేదు, కదలికే ముఖ్యమన్న మాట పట్టుకుంటే చాలు. నీ దగ్గరికొచ్చే కోత కూలీల నడుము రుద్దితే రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడోనాడు మళ్లీ పొద్దంతా వంగుతారు. మోకాళ్లు వంచి, క్రేటును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపడం, మధ్యమధ్యలో నిలబడి నడుమును వెనక్కి వంచడం వాళ్ల చేత చేయించు. చెప్పి వదిలెయ్యకు, వాళ్లతో పాటు చేలో నిలబడి చేయించు. రుద్దడం కంటే ఇందులోనే నీ చదువు పనికొస్తుంది.

ఇక ఏ దారి పట్టాలన్న సంగతికొస్తే, బైపీసీ చదివావు కాబట్టి మొదట ఫిజియోథెరపీ డిగ్రీ గురించి ఆలోచించు. తిరుపతి స్విమ్స్‌లో ఉంది. నాలుగేళ్లకు పైబడిన చదువే, కానీ 2021లో వచ్చిన కేంద్ర చట్టం కింద ఫిజియోథెరపిస్టుకు గుర్తింపు ఉంది. మర్దన మాత్రమే చేసేవాళ్లకు అలాంటి గుర్తింపు లేదు. అంత కాలం ఇంట్లో కుదరదంటే పంచకర్మ టెక్నీషియన్ కోర్సు చూడు. కేరళలో త్రిస్సూర్ జిల్లా చెరుతురుత్తిలోని కేంద్ర ప్రభుత్వ పంచకర్మ పరిశోధన సంస్థలో అది నేర్పుతారు. అక్కడ వైద్యుడు రాసిన చికిత్సనే చేస్తారు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేసే పద్ధతి. అమ్మను, అన్నను వెంటబెట్టుకుని తిరుపతిలో టీటీడీ వారి ఆయుర్వేద ఆస్పత్రికి ఒకసారి వెళ్లు. అక్కడ ఈ పని ఎలా జరుగుతుందో వాళ్ల కళ్లతో చూడనీ.

ఏ దారిన వెళ్లినా పేరు ముందు డాక్టర్ అని రాసుకోకు, మందులు ఇవ్వకు. వచ్చేవాళ్ల జబ్బులూ వాడే మందులూ అడిగి నోటుపుస్తకంలో రాసుకో. ఇంకొకటి, రేపటి నుంచి ఊరికే చేయకు. కొంతైనా తీసుకో, ఇవ్వలేనివాళ్ల దగ్గర మానెయ్యి. కోతకు పోయినవాళ్లు కూలి తీసుకునే ఇంటికొస్తారు, నీదీ కష్టమే.